నాలుగో బోర్డు వింటోంది

సోమవారం, మధ్యాహ్నం

నా మూడో బోర్డుకి,

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు మోచేతులు రాసుకుంటూ పక్కపక్క బోర్డుల ముందు కూర్చున్నవాళ్ళం, క్షేమ సమాచారాలు అడగడమేమిటి? నీ మోకాలు నొప్పిగానే ఉండి ఉంటుంది, మేడ మెట్లు ఎక్కొద్దని నీ కోడలు అంటూనే ఉంటుంది, నువ్వు ఎక్కుతూనే ఉంటావు. నా సంగతి రాస్తాను, తీరిగ్గా చదువుకో.

మా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది. ముందుగదిలో కిటికీ పక్కన నా కుట్టుమిషను ఉండేది గుర్తుందా, దాన్ని వంటింట్లోకి తోసి ఆ చోట దీన్ని కూర్చోబెట్టారు. సరదాకి కాదులే, అమ్మాయి ఉద్యోగం కోసం. అది బడిపుస్తకాల అచ్చుతప్పులు దిద్దుతుంది కదా, ఆ ప్రెస్సు వేరే ఊరికి మారిపోయింది. బస్సులో ఐదు గంటల దారి. యజమాని మంచివాడే కానీ గడుసువాడు. "నెల రోజులు చూస్తానమ్మా. ఏ రోజు దిద్దిన పేజీలు మర్నాడు పొద్దున్న ప్రెస్సు తలుపులు తీసేలోపు ఇంటర్నెట్లో నాకు చేరాలి. చేరాయా, ఇంట్లోనే కూచుని చేసుకో. చేరకపోతే మాత్రం ఇక్కడికొచ్చి గది తీసుకుని ఉండాల్సిందే" అన్నాడట. అప్పుడే పది రోజులు గడిచాయి. అందులో నాలుగు రోజులు పేజీలు చేరలేదు. అమ్మాయి ఆరు రోజులు అక్కడా ఒక రోజు ఇక్కడా ఉంటే ఈ ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకోవడానికే భయంగా ఉంది.

ఈ ఇంటర్నెట్ పద్ధతి చెబితే నువ్వు నవ్వుతావు. కంప్యూటర్ పక్కన మోడెమ్ అని సబ్బుపెట్టెంత పెట్టె ఒకటుంటుంది. దాన్ని మన ఫోను తీగకే తగిలిస్తారు. సాయంత్రం ఏడింటికి అమ్మాయి మీట నొక్కగానే అది తనంతట తానే నంబరు తిప్పుతుంది. అవతల ఇంకో మోడెమ్ ఎత్తుతుంది. ఇక రెండూ కీచుమని, బుస్సుమని, గొంతు సవరించుకుని, అరనిమిషం పాటు వియ్యపురాళ్ళలా వాదులాడుకుంటాయి. తర్వాత చప్పుడు ఆగిపోతుంది. అంటే మాట కలిసిందన్నమాట. అప్పుడు తెర మీద మూలన ఒక అంకె వస్తుంది. యాభై వస్తే లైను పరుగెడుతున్నట్టు. మాకు వచ్చేది పద్నాలుగు. అదీ పావుగంట ఉండి తెగిపోతుంది. ఒక్క పేజీ వెళ్ళడానికి కాఫీ కాచి, చల్లార్చి, తాగి, గ్లాసు కడిగి బోర్లించేంత సేపు పడుతోంది.

కంప్యూటర్ అమ్మినవాడు వచ్చి మోడెమ్ మార్చాడు. కొత్తది కూడా పద్నాలుగు దగ్గరే చతికిలబడింది. తప్పు మాది కాదు, మీ ఫోనుదని చెప్పి చేతులు దులుపుకున్నాడు. మా అల్లుడు హైస్కూల్లో సైన్సు మాస్టారు కదా, ఆయన పరిశోధనలు ఆయనవి. రేడియో తీసి పెరట్లో పెట్టాడు. ఒకరోజు ఫ్రిజ్ ఆపేసి చూశాడు, పాలు విరిగాయి తప్ప అంకె మారలేదు. చివరికి "కంప్యూటర్ లైన్లో ఉన్నప్పుడు ఫోను ఎవరూ ఎత్తరాదు" అని అట్టముక్క మీద రాసి గోడకు తగిలించాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురం, అందులో వాళ్ళిద్దరూ కంప్యూటర్ ముందే ఉంటారు. ఆ అట్ట ఎవరికోసమో నాకు అర్థం కాలేదు.

ఇందరిని అడిగారు కానీ, నన్ను అడిగినవాళ్ళు లేరే. మొన్న భోజనాల దగ్గర నేనే చొరవ చేసి, "లైన్లో రొద ఉందేమో విన్నారా?" అన్నాను. అల్లుడు మర్యాదగా నవ్వి, "ఇది మీ కాలం లైను కాదత్తయ్యా, కంప్యూటర్ది" అన్నాడు. వెక్కిరించి ఉంటే తిరిగి ఒకటి అనేదాన్ని. మర్యాదగా నవ్వాడు కాబట్టి అన్నం కలుపుకుంటూ ఊరుకున్నాను. తీగ ఎక్కడ దెబ్బతిందో చెవితో విని చెప్పేదాన్ని, ఎంతమంది పెళ్ళి కబుర్లూ పురుడు కబుర్లూ ఈ చేతుల్తో కలిపానో నీకు తెలుసు. ఇప్పుడు ఈ ఇంట్లో నా పని పాలు విరక్కుండా చూడటం. మీ అన్నయ్య పోయాక సాయంత్రాలు అసలే పొడుగ్గా ఉంటున్నాయి.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. అమ్మాయి ఎలాగూ ఆ ఊరు పోవలసి వస్తే, నేను నీ దగ్గరకు వచ్చేస్తాను. మీ వసారాలో ఒక మంచం వేసి ఉంచు. వీళ్ళకి ఇంకా చెప్పలేదు.

నీ
నాలుగో బోర్డు


గురువారం, సాయంత్రం నాలుగు

నా మూడో బోర్డుకి,

మంచం వేశావా? వేస్తే దాని మీద దుప్పటి పరవకు, కాస్త ఆగు. ఇక్కడ కథ మారింది.

పోయిన శనివారం లైన్‌మన్ వచ్చాడు. బయట స్తంభం దగ్గర నుంచి చెవికి రిసీవరు ఆనించి, "లైను బ్రహ్మాండంగా ఉందండీ, లోపలేదో మీదే" అని సైకిలెక్కబోయాడు. నేను చెయ్యి తుడుచుకుంటూ వీధిలోకి వెళ్ళాను.

"ఏం నాయనా, ఒక్క అంకె తిప్పి విన్నావా?" అన్నాను.

"ఎందుకండీ?"

"ఎందుకేమిటి? ఒక్క అంకె తిప్పి ఊరుకుంటే డయల్ టోను పోయి లైను మూగబోతుంది. ఆ మూగలో చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. మీ పెద్దాయన నీకిది నేర్పలేదూ?"

వాడు సైకిలు స్టాండు వేశాడు. "మీరు ఎక్స్ఛేంజిలో చేశారా అమ్మా?" అన్నాడు. నాలుగో బోర్డు అన్నాను. "అయ్య బాబోయ్, మా మేస్త్రి మీ గురించి చెబుతుంటాడండీ" అన్నాడు. అబద్ధమేమో తెలియదు కానీ, అల్లుడు గుమ్మంలో నిలబడి విన్నాడు. ఎంత బాగుందో నీకు చెప్పలేను.

ఇక ముందుగదిలో ఫోను నా చేతికి వచ్చింది. ఒక్క అంకె తిప్పాను. మూకుట్లో ఆవాలు వేసినట్టు చిటపటమంది. మోడెమ్ తీయించాను, చిటపట పోలేదు. నా గదిలో నల్లఫోను తీయించాను, పోలేదు. అంటే జబ్బు ఫోన్లది కాదు, తీగది. నేను కళ్ళు మూసుకుని రిసీవరు పట్టుకుని కూర్చున్నాను, అల్లుడు గోడ వెంబడి తీగను జానెడు జానెడు కదుపుతూ వెళ్ళాడు. "ఇక్కడా అత్తయ్యా?" "కాదు." "ఇక్కడ?" "పద ముందుకి." కిటికీ బయట మూల దగ్గరకు వచ్చేసరికి నా చెవి పగిలిపోయింది. "అదే, అదే! కదలకు!" అని అరిచాను. స్టూలు మీదున్న మనిషి బొమ్మలా నిలబడిపోయాడు.

చూద్దుము కదా, ఎప్పుడో ఎవరో రెండు తీగలు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేసిన అతుకు. టేపు ఊడి, వాన నీళ్ళు దిగి, రాగి పచ్చగా బూజుపట్టినట్టుంది. లైన్‌మన్ అంతవరకూ కత్తిరించి కొత్త అతుకు వేశాడు. మళ్ళీ ఒక్క అంకె తిప్పాను. కడిగిన గాజుగ్లాసులా ఉంది నిశ్శబ్దం. మోడెమ్ తగిలించి మీట నొక్కితే ఎంత వచ్చిందనుకున్నావ్? నలభై ఎనిమిది! అమ్మాయి కుర్చీలోంచి లేచి నన్ను కావలించుకుంది. కిటికీ బయట ఇంకా స్టూలు మీదే ఉన్న అల్లుడు, "అత్తయ్యా, మొన్న నేను నోరు జారాను" అన్నాడు. జారింది నోరు కాదు నాయనా, స్టూలు జారకుండా దిగు అన్నాను.

ఇంత విజయం తర్వాత కూడా గొడవ పూర్తిగా పోలేదే, అదే నా బాధ. పగలు నలభై ఎనిమిది ఉంటుంది. సాయంత్రం ఏడు దాటాక ఉన్నట్టుండి పద్నాలుక్కి పడిపోతుంది, కొన్నిసార్లు పూర్తిగా తెగిపోతుంది. ఇప్పుడు నేను ఇంటి ఇంజనీరుని కాబట్టి మన ఎక్స్ఛేంజి పద్ధతిలో ఫాల్టు రిజిస్టరు పెట్టించాను. ఎప్పుడు తెగింది, ఎప్పుడు కలిసింది, అల్లుడు గీతలు గీసి అందంగా రాస్తున్నాడు. ఆదివారం 7.10, 7.25, 7.50. సోమవారం 7.15, 7.40. మంగళవారం ఒక్కసారి కూడా తెగలేదు. ఆ రోజు నాకు పన్ను నొప్పి, మాత్ర వేసుకుని ఆరింటికే పడుకున్నాను, లేకపోతే ఆ అద్భుతం నేనూ చూసేదాన్ని. బుధవారం మళ్ళీ మామూలే. పక్కింటి మోటారేమోనని వాళ్ళనడిగాను. వీధి దీపాలేమోనని నిలబడి చూశాను. అంతుచిక్కడం లేదు. పేజీల సంగతి అడిగితే అమ్మాయి "చేరుతున్నాయిలే అమ్మా" అంటోంది. నన్ను ఓదార్చడానికి అంటోందని నాకు తెలియదా? నెల నిండటానికి ఇంకో వారమే ఉంది.

ఇక్కడ నీకు ఒక మాట చెప్పాలి. ఇంకెవరికీ చెప్పలేదు, నవ్వకు. ఆ మోడెమ్‌లు మాట్లాడుకోవడం మొదటిసారి విన్నప్పుడు నా ఒళ్ళు ఝల్లుమంది. బోర్డు మూసేసిన రోజు నుంచి నేను లైను మీద అవతలి చప్పుడు వినలేదే. ఇంటి ఫోను మోగితే అది మాటలు, చప్పుడు కాదు. దూరాన ఎక్కడో ఎవరో ఎత్తడం, లైను నిండడం, ఆ హోరు, అది నాకు ఎంత ఆకలో నాకే తెలియదు. కలిశాక ముందుగదిలో వినబడదు కానీ, నా గదిలో నల్లఫోను కూడా అదే లైను కదా. రిటైరైన రోజు మనవాళ్ళంతా కలిసి ఇచ్చిందే. రోజూ ఏడు దాటాక తలుపు చేరవేసి, రిసీవరు పువ్వు ఎత్తినట్టు ఎత్తి, మాట్లాడే వైపు అరచేత్తో గట్టిగా మూసి, ఐదేసి నిమిషాలు వింటున్నాను. వానలా ఉంటుంది. నేను రాత్రి డ్యూటీలో ఉంటే మీ అన్నయ్య ఫోను చేసి మాట్లాడకుండా ఊరికే పట్టుకునేవాడు చూడు, అలా ఉంటుంది.

అట్టముక్క మీద నియమం ఉంది, నిజమే. కానీ అది ఎత్తి వాగేవాళ్ళకి. బోర్డు మీద వినే మీట వేసి వింటే మాట్లాడుకునేవాళ్ళకి ఊపిరి కూడా వినబడనివ్వని మనిషిని నేను. నా అరచెయ్యి మీద నాకా నమ్మకముంది. ఆ మోడెమ్‌లకి నేనున్నట్టే తెలియదు.

ఈ సాయంత్రం ఫాల్టు ఎవరిదో నీకేమైనా తోస్తే వెంటనే రాయి. నేను చెయ్యని ప్రయత్నం లేదు.

నీ
నాలుగో బోర్డు


శనివారం

ఒసే నాలుగో బోర్డూ,

నీ ఉత్తరం మా ఆయనకి పైకి చదివి వినిపించాను. ఎక్స్ఛేంజిలో మెకానిక్కుగా అన్నేళ్ళు చేసిన మనిషి, నవ్వి నవ్వి దగ్గు పట్టుకుంది, మంచినీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మన బోర్డు మీద వినే మీట వేరు. లైన్లోంచి ఏమీ తాగకుండా వినేలా దాన్ని మనకోసం తయారు చేశారు. నీ నల్లఫోను ఆ జాతిది కాదు. పువ్వులా ఎత్తినా బండలా ఎత్తినా, కొక్కెం పైకి లేవగానే లైన్లో కరెంటు సగం అది గుటుక్కుమనిపిస్తుంది. నువ్వు మూసింది నోరు, తెరిచింది గొంతు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడలేదనుకుందట. మంగళవారం నీకు పన్ను నొప్పి, లైనుకు ఆరోగ్యం. ఇంకా పక్కింటి మోటారంటావేమిటే? రిజిస్టరు తీసి ఇంకోసారి చదువుకో. చదువుకుని అమ్మాయితో నువ్వే చెప్పు, నేను చెప్పానని తెలిస్తే నీ పరువు పోతుంది.

మంచం వేసే ఉంది. దుప్పటి కూడా పరిచాను.

నీ
మూడో బోర్డు


ఆదివారం, పొద్దున్న

నా బంగారు మూడో బోర్డుకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను కాఫీ తాగలేదు, అన్నం సరిగ్గా తినలేదు. ఇల్లంతా వెతికి, పక్కింటివాళ్ళని అనుమానించి, లైన్‌మన్‌కి పాఠాలు చెప్పి, చివరికి కంచే చేను మేసిందని తేలితే ఎలా ఉంటుందో చెప్పు. అదీ ఎవరి చేను? నా పిల్లది. దాన్ని ఇల్లు విడిచి వెళ్ళనివ్వకూడదని నేనే అంత తాపత్రయపడుతూ, రోజూ ఏడింటికి నా చేత్తో నేనే దాన్ని బస్సెక్కిస్తున్నాను.

ఆ రోజు నుంచి రిసీవరు ముట్టుకోలేదు. మొదటిరోజు ఏడింటికి ముందుగదిలో కీచుమనగానే నా చెయ్యి దానంతట అదే లేచింది. దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. నిజంగానే. ఇన్నేళ్ళ వయసులో చేతి మీద కూర్చున్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ పూట ఒక్కసారి కూడా తెగలేదు. మర్నాడూ తెగలేదు. రిజిస్టరులో అల్లుడు వరసగా సున్నాలు పెట్టాడు. "అత్తయ్యా, మీరేం చేశారో కానీ లైను దారికొచ్చింది" అంటూ స్కూల్లో తోటి మాస్టర్లకి కూడా నా గురించి చెప్పాడట. ఒకాయన తన ఇంటి లైను చూడమని కబురు పెట్టాడు. గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకుంటూ తిరిగాను.

నెల శుక్రవారంతో నిండింది. నిన్న పొద్దున్న ప్రెస్సు యజమాని ఫోను చేశాడు. అమ్మాయి "సరేనండీ, సరేనండీ" అంటూ విని, పెట్టేసి, "మొదట్లో తప్పినవి వదిలేశాడు, ఇంట్లోనే చేసుకోమన్నాడమ్మా!" అని గిరగిరా తిరిగింది. అల్లుడు నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. ఇక ఆగలేకపోయాను. కుర్చీలో కూలబడి, "ఆ దణ్ణం నాకొద్దు బాబూ. సాయంత్రం లైను తెగ్గొట్టింది నేనే" అన్నాను. నల్లఫోను, అరచెయ్యి, వినే మీట, అన్నీ చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. "నీ ఉద్యోగం పోగొట్టేదాన్నే తల్లీ" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మాయి నా కాళ్ళ దగ్గర కింద కూర్చుంది.

"మాకు తెలుసమ్మా" అంది.

"ఏం తెలుసు?"

"మంగళవారం నువ్వు పడుకున్నావు, లైను తెగలేదు. బుధవారం తెగగానే ఈయన మెల్లిగా వచ్చి చూశారు. నీ గది తలుపు సందులోంచి కనబడ్డావు. రిసీవరు చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని నవ్వుతున్నావట."

"మరి చెప్పలేదేం? నా చెయ్యి విరగ్గొట్టి ఉండాల్సింది!"

"చెబితే మానేస్తావు కదా. నాన్న పోయాక సాయంత్రం పూట నువ్వు నవ్వుతూ గదిలోంచి రావడం అప్పుడే చూశాను. అన్నం తినేటప్పుడు కూడా కబుర్లు చెప్పేదానివి. నేనెందుకు చెబుతాను?"

"మరి పేజీలో?"

"పొద్దున్న ఐదింటికి లేచి పంపాను. నువ్వు ఆరింటిదాకా లేవవు కదా. ఆ టైములో లైను ఖాళీ, గుర్రంలా పరిగెడుతుంది. ఆ బుధవారం నుంచి ఒక్కరోజు కూడా తప్పలేదు. అందుకే చేరుతున్నాయన్నాను, నువ్వు నమ్మితేగా."

నాకు అర్థం కాలేదు. "మరి సాయంత్రం ఏడింటికి రోజూ కలిపేదానివి, అది దేనికే?" అన్నాను.

అది తల వంచుకుని నా చీర అంచు సర్దుతూ, "అది నీకోసం కలిపానమ్మా" అంది.

ఏమే, ముప్ఫై ఏళ్ళు మనం లోకానికంతటికీ లైన్లు కలిపాం. మనకోసం ఎవరైనా ఒక్క లైను కలిపారా? నా కూతురు కలిపింది. తెగిపోతుందని తెలిసి, తెగ్గొట్టేది నేనేనని తెలిసి, నిద్ర మానుకుని తన పని తెల్లవారుజామున చేసుకుని, సాయంత్రం నాకోసం కలిపి కూర్చుంది. ఆ అల్లుడు కూడా తక్కువవాడు కాదు. దొంగ ఎవరో తెలిసి కూడా మొహంలో నవ్వు రానివ్వకుండా నా రిజిస్టరులో గీతలు గీశాడు. నాలుగు రోజులు నేను ఎత్తకపోయేసరికి ఇద్దరూ కంగారుపడ్డారట, అమ్మకి ఒంట్లో బాగాలేదేమోనని. ఈసారి నేను ఏడవలేదు, ఇద్దరినీ చెరొక దెబ్బ వేశాను.

ఇక నిన్న మధ్యాహ్నమంతా అల్లుడు మోడెమ్‌తో వచ్చిన చిన్న పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. దానికి లోపల బుల్లి స్పీకరు ఒకటుందట. లైను కలవగానే అది నోరు మూసుకోవాలని కంప్యూటర్‌కి ముందే చెప్పి ఉంచుతారు. ఈయన ఆ ఆజ్ఞలో ఒక అక్షరం పక్కనున్న అంకె మార్చాడు. ఇక అది నోరు మూసుకోదు, లైను ఉన్నంతసేపూ లోపలి హోరు బయటకు వినిపిస్తుంది. ఎవరూ ఏదీ ఎత్తక్కర్లేదు. "చూశారా అత్తయ్యా, దీనికీ వినే మీట ఉంది. వెతకడమే తెలియలేదు" అన్నాడు. మీ ఆయనకి ఈ ముక్క తప్పకుండా చెప్పు.

సాయంత్రం ఏడయింది. అమ్మాయి వంటింటి వైపు తిరిగి, "అమ్మా, డ్యూటీ టైమైంది!" అని కేకేసింది. వెళ్ళేసరికి కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వేసి ఉన్నాయి, నీదీ నాదీ బోర్డు ముందు ఉన్నట్టే పక్కపక్కన. నేను కూర్చున్నాను. అది మీట నొక్కింది. నంబరు తిరిగింది. అవతల ఎత్తారు. కీచుమంది, బుస్సుమంది. నేను వేలెత్తి ఆగమన్నాను. ఒక్క చిటపట లేదు. హోరు గదినిండా పరుచుకుంది. ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు, నేను చెబితే తప్ప మొదలుపెట్టేలా లేరు.

మంచం మడిచెయ్యి. ఆ దుప్పటి ఉతికి దాచు, ఎప్పుడైనా నాలుగు రోజులుండటానికి వస్తాను, అదీ సాయంత్రం ఏడులోపు తిరిగి వచ్చేలా బస్సు ఉంటేనే. నాకిక్కడ ఉద్యోగముంది. గొంతు సవరించుకుని, మన పాత గొంతుతో, అదే వరసలో అన్నాను కూడా: "లైన్ కలిసింది. మాట్లాడండి."

డ్యూటీలో ఉన్న,
నీ నాలుగో బోర్డు